ఫార్మా కంపెనీలో పాలసీ ఉద్యోగం అంటే దళారీ పనేనా?

"ఫార్మా కంపెనీలో హెల్త్ పాలసీ హెడ్ అంటే సూటు వేసుకున్న దళారి. వాళ్లు అడిగిందే చట్టం. రోగులకు వాళ్ల వల్ల ఒరిగింది సున్నా. రోగుల సంఘాలన్నీ వాళ్లు ఆడించే బొమ్మలు."

ఈ మెసేజ్ చాలా గ్రూపుల్లో తిరుగుతోంది. నిజమేనా అని అడుగుతూ నాకే ఏడుగురు పంపారు. నేను ఆ పని చాలా ఏళ్లు చేశాను, ఒక టీమ్‌ను నడిపాను. కాబట్టి నా మాట కూడా జల్లెడ పట్టే చదవండి. నాలుగు వాక్యాలకూ విడివిడిగా జవాబు చెబుతాను.

దళారి అన్న మాటతో మొదలుపెడదాం. సరుకు అమ్ముడైతే దళారికి కమిషన్ వస్తుంది. మా టీమ్‌కు అమ్మకాల టార్గెట్ ఉండేది కాదు. మందుల నియంత్రణ సంస్థ కొత్త నిబంధనల ముసాయిదా పెడితే, దాన్ని మొత్తం చదివి, ఏ క్లాజు వల్ల ఏ రోగికి మందు ఆలస్యమవుతుందో గడువులోగా రాసి పంపడం మా పని. అలా పంపిన అభిప్రాయాలను చాలా చోట్ల అందరికీ కనబడేలా ఉంచుతారు. ఇందులో లాబీయింగ్, అంటే చట్టాలు చేసేవాళ్లను మనవైపు తిప్పుకునే ప్రయత్నం, లేదని నేను అనను, ఉంది. అయితే లంచం చీకట్లో నడుస్తుంది, లాబీయింగ్‌కు లెక్క ఉంటుంది. అమెరికాలో 1995 నాటి చట్టం ప్రకారం ఏ విషయం మీద, ఎంత ఖర్చుతో లాబీయింగ్ చేశారో నమోదు చేయాలి. ఇప్పుడైతే మూడు నెలలకోసారి ఆ లెక్క ఇవ్వాలి. ఇక బయటివాళ్లకు కనబడని సంగతి ఇంకొకటుంది. నా పనిలో సగం సొంత కంపెనీతో వాదించడమే. "మందును మనుషుల మీద పరీక్షించే ఈ ట్రయల్‌లో వృద్ధులు లేరు, రేపు వాడేది వాళ్లే కదా" అని చెప్పి, అందరి ముఖాలూ మాడిపోతే చూస్తూ కూర్చున్న మీటింగులు చాలానే ఉన్నాయి.

రెండోది, అడిగిందే చట్టం అన్న మాట. దక్షిణాఫ్రికాలో ఏం జరిగిందో చూడండి. చవక మందులకు దారి తెరిచే చట్టాన్ని ఆ దేశం 1997లో చేసింది. ఫార్మా కంపెనీలు 1998లో ఆ ప్రభుత్వం మీద కోర్టుకెక్కాయి. చివరికి 39 కంపెనీలు ఒకవైపు, ప్రభుత్వం, హెచ్‌ఐవీతో బతుకుతున్న వాళ్లు, వాళ్ల పక్షాన నిలబడిన ట్రీట్‌మెంట్ యాక్షన్ క్యాంపెయిన్ సంఘం ఇంకోవైపు. ప్రపంచమంతా ఛీ కొడితే 2001 ఏప్రిల్‌లో కేసు వెనక్కి తీసుకున్నాయి. అదే ఏడాది నవంబరులో ప్రపంచ వాణిజ్య సంస్థ దోహా సమావేశం ప్రజారోగ్యం కోసం పేటెంట్లను పక్కనబెట్టే వెసులుబాటు దేశాలకు ఉందని స్పష్టంగా ప్రకటించింది. ఆ కేసు వేయడమే తప్పు. ఈ మాట మా ఆఫీసులోనూ అన్నాను.

కంపెనీలు గెలిచిన సందర్భాలూ ఉన్నాయి, దాచను. అమెరికాలో మెడికేర్ (ముఖ్యంగా వృద్ధులకు ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా) కింద మందుల పథకం తెచ్చిన 2003 చట్టం, ధరల మీద ప్రభుత్వం బేరమాడకూడదని రాసుకుంది. ఆ గెలుపు దాదాపు ఇరవై ఏళ్లు నిలిచింది. కొన్ని మందులకు ప్రభుత్వం బేరమాడొచ్చన్న 2022 చట్టంతో అందులో కొంత పోయింది. బేరమాడిన ధరలు మొదట 10 మందులకు 2026 జనవరి నుంచి అమల్లోకి వచ్చాయి. పలుకుబడి ఉందనండి, ఒప్పుకుంటాను. అడిగిందే చట్టం అయ్యుంటే ఆ 2022 చట్టం వచ్చేదే కాదు.

మూడోది, ఒరిగింది సున్నా అన్నది. దీనికి పెద్ద వాదన అక్కర్లేదు. 1983కు ముందు పదేళ్లలో అరుదైన జబ్బులకు కంపెనీల నుంచి అమెరికా మార్కెట్లోకి వచ్చిన మందులు పది కూడా లేవు. రోగుల కుటుంబాలు పోరాడి ఆ ఏడాది ఆర్ఫన్ డ్రగ్ చట్టం తెప్పించుకున్నాయి. అలాంటి మందు తెచ్చిన కంపెనీకి దాన్ని అమ్ముకునే 7 ఏళ్ల ప్రత్యేక హక్కు, పన్ను రాయితీ దొరికాయి. ఆ తర్వాత వందల మందులు వచ్చాయి. వాటిలో కొన్నింటి ధరలు చూస్తే కడుపు తరుక్కుపోతుంది, నిజమే. ధర మీద పోట్లాడండి, మేమూ పోట్లాడాం. మందే లేని రోజుల్లో ఆ పోట్లాటకు కూడా చోటు లేదు.

చివరి వాక్యమే నన్ను ఎక్కువగా బాధపెట్టింది. నన్ను తిడితే సరే. రోగులను బొమ్మలనడం ఏమిటి?

1989 సెప్టెంబరు 14న ఎయిడ్స్ రోగుల కోసం పోరాడే యాక్ట్ అప్ సంఘం వాళ్లు న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజ్ లోపలికి వెళ్లి బాల్కనీకి గొలుసులతో కట్టేసుకున్నారు. ఎయిడ్స్ మందు ఏజెడ్‌టీ ధర తగ్గించమని అడిగారు. కొద్ది రోజుల్లోనే ఆ మందు తయారుచేసే బరోస్ వెల్కమ్ కంపెనీ ధర 20 శాతం తగ్గించింది. బొమ్మలు చేసే పనేనా అది? డుషేన్ కండరాల జబ్బున్న పిల్లల తల్లిదండ్రులను తీసుకోండి. ట్రయల్స్‌లో ఆరు నిమిషాల్లో ఎంత దూరం నడిచారో కొలిచేవారు. నడక ఆగిపోయి వీల్‌చెయిర్‌లో ఉన్న పిల్లాడికి అందులో చోటే లేదు. వాడు చెయ్యెత్తి గ్లాసు నోటిదాకా తెచ్చుకోగలిగితే చాలని తల్లి అంటుంది, ఆ నడక పరీక్షలో దానికి కొలత లేదు. ఆ తల్లిదండ్రుల సంఘమే, పేరెంట్ ప్రాజెక్ట్ మస్క్యులర్ డిస్ట్రఫీ, ఈ జబ్బు మందుల ట్రయల్స్ ఎలా ఉండాలో మార్గదర్శకాల ముసాయిదా రాసి 2014లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏకు ఇచ్చింది. మరుసటి ఏడాది ఎఫ్‌డీఏ తన ముసాయిదా విడుదల చేసింది.

మెసేజ్‌లో నిజమున్న చోటు కూడా ఇదే. ఓపియాయిడ్ (నల్లమందు కోవకు చెందిన, వ్యసనంగా మారగల) నొప్పి మందులు తయారుచేసే ఐదు కంపెనీలు 2012 నుంచి 2017 మధ్య 14 సంఘాలకు దాదాపు 90 లక్షల డాలర్లు ఇచ్చాయని 2018లో అమెరికా సెనేట్ సభ్యురాలు క్లెయిర్ మెకాస్కిల్ నివేదిక బయటపెట్టింది. వాటిలో చాలా సంఘాలు ఆ మందుల వాడకాన్ని పెంచే మాటలే మాట్లాడాయి. అక్కడ ప్రాణాలు పోయాయి. డాక్టర్లకు ఇచ్చే డబ్బు వివరాలు 2014 నుంచి అమెరికాలో అందరికీ కనబడుతున్నా, సంఘాలకు ఇచ్చేది ఆ చట్టం కిందకు రాదు. రావాలి. యూరప్‌లో కంపెనీల సమాఖ్య నియమావళి ప్రకారమైనా ఆ వివరాలు ప్రకటించాల్సిందే. ఒక సంఘం మీద అనుమానం ఉంటే దాని డబ్బు ఎక్కడి నుంచి వస్తోందో, ఒక్క కంపెనీ నుంచే వస్తోందో చూడండి. డబ్బిచ్చిన కంపెనీని ఎప్పుడైనా బయట తప్పుపట్టిందా అన్నది కూడా చూడండి.

ఒకసారి ఒక చిన్న సంఘానికి గ్రాంట్ ఒప్పందం పంపాం. అధ్యక్షురాలు రిటైరైన టీచరు, జబ్బు ఆమె కొడుక్కి. కాగితాలు బల్ల మీద పరిచి, కళ్లద్దాలు సర్దుకుని, మూడో పేజీలో ఒక వాక్యం కింద వేలు పెట్టారు. మందు విడుదల కార్యక్రమంలో సంఘం ప్రతినిధి మాట్లాడాలని ఉంది. సేల్స్ వాళ్లు చేర్చిన వాక్యం, నా కళ్లు కప్పి వెళ్లింది. "ఇది ఉంటే సంతకం పెట్టను బాబూ" అన్నారు. అక్కడికక్కడే పెన్నుతో కొట్టేసి, పక్కన ఇద్దరం పొట్టి సంతకాలు పెట్టాం.

మరుసటి ఏడాది మా మందు ధర ఎక్కువగా ఉందని ఆ సంఘం ధరల కమిటీకి లేఖ రాసింది. మాకూ ఒక కాపీ పంపింది. నేను దాన్ని బోర్డుకు పంపిన ఫైల్లో పైనే పెట్టాను. గ్రాంట్ ఆగలేదు.