కుచ్చులడిగితే చార్ట్ పేపర్ నలిపిచ్చిన సిమ్యులేట్ బటన్ గారికి

అయ్యా సిమ్యులేట్ బటన్ గారూ,

నమస్కారం. కంప్యూటర్లోనే బట్టలు కుట్టి బొమ్మకి తొడిగి చూపించే త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో, గుడ్డ ఒంటి మీద ఎలా పడుతుందో లెక్కకట్టే బటన్ మీరు. మధ్యాహ్నమంతా మీ సన్నిధిలోనే ఉన్నా కాబట్టి క్షేమసమాచారాలు అడగట్లేదు. నేనడిగింది గొంతెమ్మ కోరికేం కాదు, ఒక సాటిన్ డ్రెస్సు, మెడకి కౌల్ (మెడ కింద వదులుగా జారే మడతలు), నడుం పక్క కుట్టుకి కుచ్చులు, సాయంత్రానికి రెండర్, అంటే ఫైనల్ బొమ్మ, క్లయింటుకి పంపాలి, అంతే. మిమ్మల్ని నొక్కగానే గుడ్డ బుద్ధిగానే జారింది, తర్వాత ఏమైందో ఒక్కసారి వణికిపోయి చంక దగ్గర అవతార్ (డ్రెస్సు తొడిగిన త్రీడీ మోడల్ బొమ్మ) ఒంట్లోకి దూరి వీపులోంచి బయటికొచ్చింది. దీన్ని డ్రేపింగ్ అనరు సార్, పూనకం అంటారు. గుడ్డ ఇలా పేలిపోకుండా పెద్ద టైమ్ స్టెప్పులతో, అంటే కాలాన్ని పెద్ద పెద్ద అంగలుగా దాటుతూ, లెక్క కట్టే పద్ధతి బరాఫ్, విట్కిన్ అనే గ్రాఫిక్స్ పరిశోధకులు 1998లోనే రాసిపెట్టారు, ఆ కబురు ఇంకా నా మోడల్ చంక దాకా రాలేదు.

సర్లెండి, పూనకం అందరికీ వచ్చేదే. నేను వదల్లేనిది కుచ్చుల సంగతి.

గుడ్డని మీరు చుక్కలుగా, ఆ చుక్కల్ని కలిపే త్రిభుజాల వలగా, అంటే మెష్‌గా చూస్తారు. ఆ చుక్కల మధ్య దూరం, అదే పార్టికల్ డిస్టెన్స్, 20 మిల్లీమీటర్లు పెట్టి నా చేతికిస్తారు మీరు. కుట్టు పక్కన లేచే ముడత 6 మిల్లీమీటర్లు ఉంటే ఎక్కువ. మీ గుడ్డ వంగేదేమో మెష్ త్రిభుజాల అంచుల దగ్గరే, త్రిభుజం మధ్యలో వంగదు కదా, మరి అంత త్రిభుజంలో ఇంత ముడత ఎక్కడ కూర్చోవాలండీ? కూర్చోదు. 30 సెంటీమీటర్ల కుట్టులోకి 60 సెంటీమీటర్ల అంచుని కుక్కితే ఆ మిగులు గుడ్డంతా కోణాలు కోణాలుగా పొడుచుకొచ్చి, అచ్చం ఎవరో నలిపి పారేసిన చార్ట్ పేపర్లా తయారైంది.

పోనీ 5కి దించుదామా అంటే, దూరం సగమైతే పార్టికల్స్ నాలుగింతలు, 20 నుంచి 5కి వస్తే పదహారింతలు. ఫ్యాన్ మోత మొదలు. అంతా అయ్యాక చూస్తే మెష్ సన్నమైనందుకు సాల్వర్‌కి (లోపల లెక్కలు చేసే భాగానికి) లెక్క తెమలక సాటిన్ కాస్తా రబ్బరులా సాగి మోకాలి దాకా దిగింది!

కుట్టుని ఎలాస్టిక్‌లా బిగించి ముడతలు తెప్పించే ఎలాస్టిక్ ఆప్షన్ వాడొచ్చుగా అంటారు కొందరు. వాడాను. ముడతలన్నీ ఒకే సైజు, ఒకే పొడవు, స్కేలు పెట్టి గీసినట్టు. అసలు నిజం కుచ్చుని ఎప్పుడైనా దగ్గర్నుంచి చూశారా మీరు? కుట్టు దగ్గర సన్నగా మొదలవుతుంది, కొంచెం దూరం పోయాక పక్కదాంతో కలిసి లావవుతుంది, ఒకటి మధ్యలోనే చచ్చిపోతుంది, ఇంకోటి అడ్డంగా తిరిగి పొట్ట మీదకి పోతుంది. ఆ కలగాపులగం కోసమే కదా జనం కుచ్చులు పెట్టించుకునేది. అది ఇవ్వలేనప్పుడు నువ్వెందుకు, నీ బటనెందుకు? చివరికి కుట్టు పక్కన పట్టీని విడగొట్టి, దానికొక్కదానికే 5 పెట్టి, మిగతా ముక్కలన్నీ కదలకుండా ఫ్రీజ్ చేసి, మౌస్‌తో ఒక్కో ముడతనీ లాగి కూర్చోబెట్టింది నేను. పని నాది, పేరు నీది.

ఇంక సిల్క్ అని మీరు ముందే సెట్ చేసిపెట్టిన ఆ ప్రీసెట్, అది టార్పాలిన్ అని ఒప్పేసుకోండి, బెండింగ్ విలువ, అంటే వంగడానికి ఎంత మొరాయిస్తుందో చెప్పే అంకె, చూస్తేనే తెలిసిపోతోంది. ఒంటికీ గుడ్డకీ మధ్య వదిలే ఆ మిల్లీమీటర్ల సందు గురించి మాట్లాడితే నాకు బీపీ. ఆ పైన క్లయింటు మెసేజ్, "కొంచెం నేచురల్‌గా ఉంటే బావుణ్ణు."

ఒక్క మాట మాత్రం ఒప్పుకోవాలి. కౌల్ ముక్కకి గ్రెయిన్‌లైన్ (గుడ్డలో దారాలు నడిచే దిశ) 45 డిగ్రీలు తిప్పి క్రాస్‌లో పెట్టి నిన్ను నొక్కాను చూడు, పడుగూ పేకా రెండూ ఏటవాలుగా పడేసరికి గుడ్డ ఒక్కసారి మెత్తబడి మెడ కింద మూడు మడతలుగా ఒదిగిపోయింది, అబ్బ, నోట మాట రాలేదు. అన్‌ఇన్‌స్టాల్ చేద్దామని పెట్టిన చెయ్యి వెనక్కి తీసుకున్నా.

రేపు పఫ్ స్లీవ్ ఉంది. ఆర్గాంజా. ముందే చెప్తున్నా.