కార్బన్ ఫోర్క్‌లో స్టార్ నట్టా? సుత్తి కింద పెట్టండి

"కార్బన్ ఫోర్క్ అయినా స్టార్ నట్టే కొట్టేయండి, పై బోల్టు గట్టిగా బిగించండి, ఇక కదిలితే ఒట్టు. ఎక్స్‌పాండర్ ప్లగ్ కంపెనీల అమ్మకపు ఎత్తు." సైకిలు తొక్కేవాళ్ల మధ్య తెగ తిరుగుతున్న సలహా ఇది. ఇందులో ఒక్క ముక్కా నిలవదు. ముందు పేర్లు: ఫోర్క్ అంటే ముందు చక్రాన్ని పట్టుకునే భాగం, దాని పై గొట్టం స్టీరర్, హ్యాండిల్‌ను ఆ గొట్టానికి బిగించేది స్టెమ్. స్టార్ నట్, ఎక్స్‌పాండర్ ప్లగ్ రెండూ స్టీరర్ లోపల కూర్చుని పై బోల్టుకు పట్టునిచ్చేవే. మొదటిదాన్ని సుత్తితో కొట్టి దించుతారు, రెండోది లోపల విచ్చుకుని పట్టుకుంటుంది.

అల్యూమినియంలో పనిచేసేది కార్బన్‌లో ఎందుకు చేయదంటారా? స్టార్ నట్ పట్టంతా దాని స్ప్రింగ్ స్టీలు రేకుల్లోనే ఉంది. గొట్టం లోపలి కొలత కంటే అవి ఓ పిసరు పెద్దవి. సుత్తి దెబ్బకు గోడను గీరుకుంటూ దిగుతాయి, పైకి లాగితే ఇంకా లోతుగా కొరుకుతాయి. అల్యూమినియం ఆ గాటును ఓర్చుకుంటుంది. కార్బన్ స్టీరరేమో రెజిన్‌తో అతికిన పోగుల పొరలు. పోగు తెగనంతవరకే దాని బలం. అలా కొట్టిన స్టీరర్‌లోకి టార్చి వేసి చూడండి: గోడ మీద నిలువు గీతలు, నట్టు మీద నల్లటి పొడి. అది మసి కాదు, గోడ నుంచి రాలిన కార్బనే. పొరలు విడిపోవడం అక్కడే మొదలవుతుంది. పైగా అది సరిగ్గా స్టెమ్ నొక్కే చోటు. లోహమైతే చాలాసార్లు వంగి ముందే చెబుతుంది. కార్బన్‌కి అంత మర్యాద లేదు, ఉన్నట్టుండి విరుగుతుంది.

ఇక పై బోల్టు. ఫోర్కును పట్టి ఉంచేది అది కాదు, స్టెమ్ పక్క బోల్టులు. పై బోల్టు పని హెడ్‌సెట్ (ఫ్రేములో ఫోర్కు తిరిగే చోటు) బేరింగుల్లో వదులు తీయడం, అంతే. ముందు బ్రేకు పట్టి బండిని ముందుకీ వెనక్కీ ఊపితే టకటకలాడకూడదు, చక్రం పైకెత్తితే హ్యాండిల్ తేలిగ్గా తిరగాలి. అక్కడితో ఆపి, పక్క బోల్టులు బిగించాలి. ఆ కాస్త లాగుడుకు ఎక్స్‌పాండర్ పట్టు చాలు.

అమ్మకపు ఎత్తు అన్న మాటకు నాకు నవ్వొస్తుంది. ప్లగ్ రెండో పని వాళ్లకు తెలిసినట్టు లేదు. 28.6 మిల్లీమీటర్ల వ్యాసమున్న స్టీరర్‌ను స్టెమ్ బయటినుంచి నొక్కుతుంటే లోపల దన్నుగా నిలిచేది అదే. అందుకే ప్లగ్ స్టెమ్ ఎత్తులోనే కూర్చోవాలి. లోపల గ్రీజు పూయకండి, జారుతుంది. బిగింపు స్టెమ్ మీద రాసి ఉన్నంతే, చాలావాటికి 5–6 న్యూటన్ మీటర్లు. టార్క్ రెంచ్ లేకపోతే అరువు తెచ్చుకోండి. చేతి అంచనా ఇక్కడ పనికిరాదు.

"మా కార్బన్ ఫోర్క్‌కు ఫ్యాక్టరీలోనే స్టార్ నట్ వేశారు" అనేవాళ్లూ అబద్ధమాడటం లేదు. కాళ్లు కార్బన్, స్టీరర్ అల్యూమినియం అయిన ఫోర్కులు బోలెడు. లోపల వెండిరంగు లోహం మెరిస్తే అదే కావచ్చు. కార్బన్ లోపల అల్యూమినియం తొడుగు అతికించినవీ ఉంటాయి. వాటికి తయారీదారు పుస్తకంలో ఉన్నదే చేయండి.

ఇప్పటికే కొట్టేశారా? నట్టును పైకి లాగొద్దు, కిందికీ దించొద్దు, రెండువైపులా గీరుతుంది. ఆ ఫోర్కు మీద తొక్కడం ఆపి, తయారీదారుకు చూపించండి. చాలావరకు కొత్త ఫోర్కు కొనాల్సిందే.