గుడి కడతారు సరే, మాన్యం ఎవరు రాస్తారు?

అమెరికాలో అధ్యక్షుడి పేరిట కట్టే లైబ్రరీ పుస్తకాలు అరువిచ్చే చోటు కాదు. శ్వేతసౌధం నుంచి వచ్చిన ఫైళ్లు, ఈమెయిళ్లు, బహుమతులు దాచే భాండాగారం, దాని పక్కన ఓ మ్యూజియం. కట్టేది విరాళాలతో, నడిపేది ప్రభుత్వ రికార్డులు దాచే ఫెడరల్ సంస్థ నేషనల్ ఆర్కైవ్స్. 1955 చట్టం పెట్టిన ఏర్పాటు ఇది.

గుడి కట్టించేవాళ్లకు కొదవ లేదు, నిత్య దీపారాధనకు మాన్యం రాసేవాళ్లే తక్కువ. నిర్వహణ ఖర్చు ఖజానాకు బరువైపోయి, భవనం ఖర్చులో 20 శాతం మూలనిధిగా జమ చేయాలని 1986లో కాంగ్రెస్ షరతు పెట్టింది. భవనం 70 వేల చదరపు అడుగులు దాటితే ఇంకా ఎక్కువ కట్టాలి. ఒబామా దగ్గరికి వచ్చేసరికి అది 60 శాతమైంది. అంటే 10 కోట్ల డాలర్ల భవనాన్ని ఆర్కైవ్స్‌కు అప్పగించాలంటే మరో 6 కోట్లు చేతిలో ఉండాలి. హాలుకు తన పేరు పెడతారంటే ఇచ్చే దాత, బ్యాంకులో పడి ఉండే నిధికి ఎందుకిస్తాడు?

2017లో ఒబామా ఫౌండేషన్ ఈ ఏర్పాటుకే దూరం జరిగింది. షికాగోలో కట్టడానికి పూనుకున్నది సొంత కేంద్రం. కాగితాలు ఆర్కైవ్స్ దగ్గరే ఉంటాయి, దాదాపు 3 కోట్ల పేజీల స్కానింగ్‌కు ఫౌండేషన్ డబ్బిస్తానంది. ఎలాగూ అంతా డిజిటల్ అవుతోందిగా అన్నది చెప్పిన కారణం. లెక్క చూసినవాళ్లకు ఆ 60 శాతమే అసలు కారణమన్న అనుమానం రాకమానదు.

స్కాన్ చేసినంత మాత్రాన ఫైలు జనం చేతికి రాదు. 1978 చట్టం ప్రకారం రికార్డులు ప్రజల ఆస్తే. పదవి దిగిన ఐదేళ్లకు ఎవరైనా అడగవచ్చు, కొన్ని రకాలకు మాత్రం 12 ఏళ్ల వరకూ తాళం. ఆ తర్వాత కూడా దేశ భద్రత, వ్యక్తిగత వివరాలు ఉన్నాయేమోనని ఆర్కివిస్టు ఒక్కో పేజీ చదవాలి. ఆలస్యమంతా అక్కడే, కొరత ఆ మనుషులకే.

మ్యూజియం సంగతి ఇంకా చిక్కు. నిక్సన్ లైబ్రరీ 1990లో ప్రైవేటుగా తెరిచినప్పుడు ఆయన పదవి పోగొట్టిన వాటర్‌గేట్ కుంభకోణం గ్యాలరీ నిక్సన్ వాదననే వినిపించింది. 2007లో ఆర్కైవ్స్ చేతికొచ్చాక, 2011లో దాన్ని కొత్తగా చేశారు. సొంత కేంద్రాల్లో అలా దిద్దే చెయ్యి ఉండదు.

ఒబామా కేంద్రం స్థలానికి ఫెడరల్ సమీక్ష ముగియకముందే నమూనా బొమ్మలు విడుదల చేయడం మరో పొరపాటు. ఎంచుకున్న జాక్సన్ పార్కు చారిత్రక ఉద్యానం కావడంతో ఆ సమీక్ష, దావాలు కలిసి పనిని 2021 దాకా లాగాయి. మొదట 50 కోట్ల డాలర్లన్న అంచనా అప్పటికి 83 కోట్లకు చేరింది. కెనెడీ లైబ్రరీ కూడా కేంబ్రిడ్జిలో స్థానికుల వ్యతిరేకతకు తలొగ్గి బోస్టన్‌లోని కొలంబియా పాయింట్‌కు వెళ్లింది, 1979లో గానీ తెరుచుకోలేదు.

విరాళాలకు పరిమితి లేదు, దాతల పేర్లు ఫౌండేషన్ చెప్పాలన్న నిబంధనా లేదు. పదవిలో ఉండగానే వసూలు చేయవచ్చు. క్లింటన్ లైబ్రరీకి 4.5 లక్షల డాలర్లిచ్చిన డెనిస్ రిచ్ మాజీ భర్తకు 2001లో క్లింటన్ పదవి చివరి రోజున క్షమాభిక్ష దొరికింది. దర్యాప్తులో కేసు నిలవలేదు, అనుమానం మాత్రం నిలిచిపోయింది.

60 శాతం షరతును తగ్గించనక్కర్లేదు, వసూలు పద్ధతి మారిస్తే చాలు. వచ్చే ప్రతి 160 డాలర్లలో 60 మొదటి రోజే మూలనిధికి వెళ్లాలి. దాత పేరు, మొత్తం మూడు నెలలకోసారి బయటపెట్టాలి. మూలనిధి వాటా నిండేదాకా పునాది తవ్వనివ్వకూడదు.