నాన్నల మాంటిస్సోరి

ఇంట్లో మాంటిస్సోరి సామగ్రి, అంటే పిల్లలు చేత్తో పట్టుకుని సొంతంగా నేర్చుకునే వస్తువులు, తయారు చేసుకోవడం పిల్లల చదువు వ్యవహారమని లోకం పొరబడుతోంది. ఆరు నెలల స్వానుభవంతో, ఎడమ చేతి బొటనవేలికున్న రెండు ప్లాస్టర్ల సాక్షిగా మనవి చేస్తున్నాను: ఇది పూర్తిగా వయోజన విద్య. పిల్ల కేవలం ఇన్‌స్పెక్టరు.

1907 జనవరి 6న రోమ్ నగరంలోని శాన్ లోరెంజో పేటలో డాక్టర్ మరియా మాంటిస్సోరి ‘బాలల ఇల్లు’ అనే తన మొదటి బడి తెరిచారు. అక్కడ మూడేళ్ల పిల్ల ఒకతె చెక్కదిమ్మ గూళ్లలోంచి గుండ్రటి గూటాలు తీస్తూ, మళ్లీ ఏ గూటిలోది ఆ గూటిలో పెడుతూ, నలభై సార్లకు పైగా అదే పని చేసిందట. చుట్టూ మిగతా పిల్లలు పాటలు పాడినా, తనను కుర్చీతో సహా ఎత్తి బల్ల మీద పెట్టినా తల తిప్పలేదట. ఆ ఏకాగ్రత చూసి ఆవిడ ఆశ్చర్యపోయారు. పాపం, రాత్రి ఒంటిగంటకు అట్ట కోస్తున్న నన్ను చూడలేదు. మా ఆవిడ మూడుసార్లు పిలిచి, విసుగొచ్చి లైటు ఆర్పేసి పోతే, ఫోన్ టార్చి పళ్ల మధ్య పట్టుకుని పని కొనసాగించిన వాణ్ని.

నేను కోస్తున్నది ఆవిడ వస్తువుల్లో ఒకటైన గులాబీ గోపురం. చూడ్డానికి ఏముంది, పది ఘనాలు. అన్నిటికన్నా చిన్నది ఒక సెంటీమీటరు, పెద్దది పది. ఒకదాని మీద ఒకటి పెడితే 55 సెంటీమీటర్లు. కొంటే దండగ, అట్టతో చేసేద్దాం అన్నాను. ఒక్కోదానికి ఆరు ముఖాలు, పదింటికీ కలిపి అరవై చదరాలు. అట్టకు మందం ఉంటుందన్న సంగతి నాకు ముప్పై ఏడో చదరం దగ్గర తెలిసింది. మూడు మిల్లీమీటర్ల అట్టతో నాలుగు గోడలు నిలబెట్టి, పైనా కిందా మూత అతికిస్తే ఏడు సెంటీమీటర్ల ఘనం ఎత్తు ఏడు పాయింట్ ఆరు అవుతుంది. అంటే నేను తయారు చేసింది ఎటు తిప్పితే అటు సైజు మారే ఘనం. లెక్కల వాళ్లెవరూ ఇంతవరకు కనిపెట్టనిది.

మాంటిస్సోరి వస్తువుల గొప్పతనం ఏమిటంటే, తప్పు చేస్తే టీచరు చెప్పక్కర్లేదు, వస్తువే పట్టిస్తుంది. గూటం తప్పు గూటిలో పెడితే చివర్లో ఒకటి పట్టకుండా మిగిలిపోతుంది. నా గోపురంలోనూ ఆ ఏర్పాటు ఉంది. కాకపోతే పిల్ల సరిగ్గా పేర్చినా అది తప్పే చూపిస్తుంది. ఏడో నంబరు ఎనిమిదో దాని మీద కూర్చుని, ఒక పక్క నుంచి చూస్తే నేనూ ఇంచుమించు నీ అంతే అంటుంది.

ఇంకొక సూక్ష్మం ఉంది. అసలు గోపురం గట్టి చెక్క. పదో ఘనం పరిమాణం మొదటిదానికి వెయ్యి రెట్లు, బరువూ వెయ్యి రెట్లే. పెద్దదంటే ఏమిటో కంటికన్నా ముందు చెయ్యి నేర్చుకుంటుంది. మన అట్ట ఘనం బోలు కాబట్టి ఆ బరువు రాదు. ఇది చదివాక నిద్ర పట్టలేదు. ఇసుక పోసి అతికించాను. ఎనిమిదో ఘనం మూల నుంచి కారింది. హాల్లో మొదలుపెట్టి పడకగది దాకా.

సెంటీమీటరు ఘనం మాత్రం అచ్చం కొలతకు కుదిరింది. మూడేళ్లలోపు పిల్లలకు అంత చిన్న వస్తువు ఇవ్వకూడదు, నోట్లో పెట్టుకుంటే గొంతుకు అడ్డం పడుతుంది. అందుకే మా గోపురం తొమ్మిది అంతస్తులే. ఆ చిన్నది నా చొక్కా జేబులో ఉంటుంది. అడిగినవాళ్లకీ, అడగనివాళ్లకీ చూపిస్తుంటాను.

పిల్ల పనిలో మునిగినప్పుడు పెద్దవాళ్లు కలగజేసుకోకూడదు, దూరంగా కూర్చుని గమనించాలి అంటారు మాంటిస్సోరి. మా ఇంట్లో ఈ నియమం తు.చ. తప్పకుండా పాటించింది మా అమ్మాయి ఒక్కతే. బుగ్గన చెయ్యి పెట్టుకుని కూర్చుని గంటసేపు నన్ను గమనించేది. ఒక్కసారి కూడా సాయం చేయలేదు.

పుట్టిన దగ్గర్నుంచి ఆరేళ్ల దాకా పిల్లల్లో కొన్ని ప్రత్యేక దశలు వస్తాయనీ, అప్పుడు ఆయా విషయాల మీద వాళ్లకు తెగని ఆసక్తి పుడుతుందనీ ఆవిడ రాశారు. తండ్రుల్లోనూ ఇలాంటి దశ ఒకటుంది. పొరుగువాళ్లు పాత అట్టపెట్టె బయట పడేస్తుంటే గుండె ఝల్లుమనడం దాని మొదటి లక్షణం.

ఇక అక్షరాలు. గరుకు కాగితంతో అక్షరాలు కత్తిరించి, అచ్చులను నీలం అట్ట మీద, హల్లులను గులాబీ అట్ట మీద అతికించాలి. పిల్ల వేలితో తడుముతూ రాత నేర్చుకుంటుంది. గీతలతో సరిపెట్టుకునే లిపులవాళ్లు అదృష్టవంతులు. మనవి మెలికలు. మూడో అక్షరానికి కత్తెర మొద్దుబారింది, ఎనిమిదోదానికి నేను. అయినా పదహారు అచ్చులూ పూర్తి చేశాను. గరుకు వైపు పెన్సిలు కనిపించదు గనక వెనకవైపు చక్కగా గీసి, కత్తిరించి, తిప్పి అతికించాను.

తిప్పి.

పదహారూ అద్దంలో అక్షరాలైపోయాయి. ‘అం’, ‘అః’లలో సున్నాలు మాత్రమే ప్రాణాలతో బయటపడ్డాయి. ‘ఋ’ని మాత్రం చాలాసేపు చూసి, ఇది మామూలుగా కూడా ఇలాగే ఉంటుంది కదా అని కాసేపు నన్ను నేను ఓదార్చుకున్నాను.

పేర్లు నేర్పడానికి మూడు మెట్ల పాఠం ఒకటుంది. సెగ్విన్ అనే ఫ్రెంచి వైద్యుడి నుంచి మాంటిస్సోరి తీసుకున్నారు. ముందు ‘ఇది ఎరుపు, ఇది నీలం’ అని చెప్పాలి. తర్వాత ‘ఎరుపు ఏదీ?’ అనాలి. చివరికి ఒకటి చూపించి ‘ఇదేమిటి?’ అని అడగాలి. చెప్పలేకపోతే తప్పు అనకూడదు, మొహం చిట్లించకూడదు, ఇంకో రోజు మొదటి నుంచి చెప్పాలి. రంగుల బిళ్లలతో నేను అచ్చం అలాగే చేశాను. తడబడ్డప్పుడల్లా ‘పర్లేదమ్మా, రేపు చూద్దాం’ అని బిళ్లలు డబ్బాలో సర్దేసేవాణ్ని.

నిన్న సాయంత్రం మా అమ్మాయి అక్షరాల డబ్బా తెచ్చుకుని నా ఎదురుగా కూర్చుంది. ఒక నీలం అట్ట తీసి, గరుకు అక్షరాన్ని మొదటి నుంచి చివరిదాకా వేలితో తడిమి నా ముందు పెట్టింది.

“ఇదేంటి నాన్నా?”

చూశాను. తల వంచి చూశాను. అట్టను అటు తిప్పి చూశాను. ‘ఎ’ కావచ్చు, ‘ఏ’ కావచ్చు. ‘ఐ’ కూడా కావచ్చు.

కాసేపు ఓపిగ్గా ఆగింది. తర్వాత అట్ట నా చేతిలోంచి మెల్లగా తీసుకుని డబ్బాలో పెట్టి మూత వేసింది.

“పర్లేదు నాన్నా, రేపు చూద్దాం.”