హాస్య నాటిక గారికి ఒక ప్రేక్షకుడి విన్నపం

గౌరవనీయులైన హాస్య నాటిక గారికి,

తిరుపతి నుంచి నమస్కారాలు. ఏప్రిల్ 16, తెలుగు నాటకరంగ దినోత్సవం, సాయంత్రం ఆరింటికి తమరు దర్శనమిస్తారని కరపత్రంలో వేస్తే నమ్మి వచ్చాం. తెర లేచింది. తమరు లేరు, వరసగా కుర్చీలున్నాయి.

జ్యోతి వెలిగించారు, సరే. ప్రార్థన, అదీ సరే. తర్వాత మొదలయ్యాయండీ శాలువాలు! ఒకాయనకి శాలువా, ఆయన గొప్పతనం మీద ఇంకొకాయన ఉపన్యాసం, ఉపన్యసించినందుకు ఆయనకో శాలువా. ఈ ఉక్కలో అవి కప్పుకుని చెమటలు కారుతూ ఫొటోకి నవ్వారు చూడండి, తమరు రాకముందే హాస్యం అయిపోయింది. 'రెండే రెండు ముక్కలు' అన్న ప్రతివాడూ కందుకూరి దగ్గర ఎత్తుకున్నాడు. వకీళ్ల మోసాల మీదా ముసలి పెళ్లికొడుకుల మీదా ప్రహసనాలు రాసి నవ్వించిన మనిషి పేరు చెప్పి జనాన్ని ఇంతలా ఏడిపించొచ్చని నాకు తెలీదు. మైకు సంగతి వదిలేయండి, అది పాపం మధ్యలోనే చేతులెత్తేసింది.

తప్పు తమరిదే. చివర్లో తమరుంటారని తెలిసే జనం లేవరు, ఆ కిటుకు నిర్వాహకులకి బాగా తెలుసు. 1892లో విజయనగరంలో కన్యాశుల్కం తొలిసారి ఆడినప్పటి నుంచీ గిరీశం కోతలకి నవ్వుతూనే ఉన్నాం. చెవిటి మామ ఒకటడిగితే ఇంకోటి చెబుతాడని మా తాతకీ తెలుసు, నా పక్కన వేరుశనక్కాయలు ఒలుచుకుంటున్న పిల్లోడికీ తెలుసు, అయినా ఆ మాట ఎప్పుడు పడుతుందా అని కాచుకుని కూర్చుంటాం. హాలంతా నవ్వుతుంటే ఆగి, నవ్వు సద్దుమణిగాక సరిగ్గా అందుకునే నటుడు ఫోన్లో దొరకడు కదా!

తీరా రాత్రి తొమ్మిదిన్నరకి తమరొచ్చారు. హాలు ఖాళీ చెయ్యాలట, 'కొంచెం కుదించండి' అని పక్కనుంచి సైగలు. పెళ్లిచూపులు చూశాం, గొడవెందుకొచ్చిందో చూపించలేదు, అంతలో అందరూ వరసగా నిలబడి దండం పెట్టేశారు. సిగ్గుండాలి కదబ్బా! ఉద్యోగాలు చేసుకుంటూ రాత్రుళ్లు రిహార్సల్స్ వేసి, సొంత డబ్బుతో మేకప్ సామాను తెచ్చుకున్నవాళ్ల డైలాగులు కత్తిరిస్తారా? ఆ ఉపన్యాసాల్లో ఒక్క వాక్యం కత్తిరించడానికి చేతులు రాలేదా? నీకైనా రోషం ఉండక్కర్లా?

ఉన్న ఆ కాస్తలోనే 'పిల్లకి వంటొచ్చా' అంటే 'మంటా? ఎక్కడ?' అని మామ పంచె ఎగ్గట్టి పరిగెత్తాడు. చంద్రగిరి ఆటోలో కూడా నవ్వు ఆగలేదు, అదీ నీమీద కోపం.

వచ్చే ఏడు నిన్ను ముందు ఆడించమను. శాలువాలు తర్వాత కప్పుకోమను. అప్పుడు హాల్లో సన్మానం చేయించుకునేవాళ్ల పెళ్లాం బిడ్డలైనా మిగులుతారో లేదో చూద్దాం.

ఇట్లు,
వెనక వరసలో, ఫ్యాను కింద కాని సీటువాడు