ఇల్లరికపు అల్లుడు ఫోర్ బీటీ గారికి

మహారాజశ్రీ కమిన్స్ ఫోర్ బీటీ డీజిల్ ఇంజిన్ గారికి నమస్కారాలు. ఉభయకుశలోపరి అని రాయడానికి చెయ్యి రావడం లేదు. తమరు కులాసాగానే ఉన్నారు, కుంగిపోయింది బండే.

అమెరికాలో బ్రెడ్డు, చిప్స్ మోసే వ్యాన్లలో ఊడిగం చేసి, అవి తుక్కుకెళ్లాక టయోటా ల్యాండ్ క్రూజర్ ఎఫ్‌జే60 అనే పాత జీపు ఇంటికి, దాని సొంత ఇంజిన్ స్థానంలోకి, తమరు ఇల్లరికం వస్తుంటారు. ఆ దేశానికి ఆ మోడల్ పెట్రోలుతో మాత్రమే వచ్చింది, అందుకే డీజిల్ అల్లుడంటే అక్కడ అంత మోజు. వంశానికి వంక పెట్టలేం. అన్నగారు సిక్స్ బీటీ టాటా 1613 లారీల్లో మన ఘాట్ రోడ్లన్నీ ఎక్కినవాడే. తమరివి 3.9 లీటర్లు, 105 హార్స్‌పవర్, 1,600 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) దగ్గరే పూర్తి టార్కు, అంటే తిప్పే బలం. ఒళ్లు మాత్రం 340 కిలోల పైమాటే.

ఇంజిన్ కొంటే పెళ్లి అయిపోయిందనుకుంటారు మామగారు, అంటే బండి యజమాని. లాంఛనాలు ఆ తర్వాత బయటపడతాయి. ఆ బరువుకు ముందు వైపు కమాను కట్టలు మార్చాలి, అది చిన్న ఖర్చు. అసలు పేచీ గేర్‌బాక్సుతో. పాత నాలుగు గేర్ల బాక్సులో టాప్ గేరు డైరెక్టు, అంటే ఇంజిన్ ఎన్ని చుట్లు తిరిగితే షాఫ్టూ అన్నే. యాక్సిల్ రేషియో 3.70, అంటే చక్రం ఒక్క చుట్టుకు షాఫ్టు 3.70 చుట్లు. తమరేమో 2,500 ఆర్‌పీఎం దాటి తిరగడానికి మొరాయిస్తారు. కంపెనీ సైజు టైర్లతో లెక్కేస్తే గంటకు 90 చిల్లర కిలోమీటర్ల దగ్గరే సరి. ఐదో గేరు రేషియో 0.73 ఉన్న ఎన్‌వీ4500 అనే గేర్‌బాక్సు పెడితే అదే వేగానికి 1,850 లోపే చాలు. కానీ దాన్ని ఇంజిన్‌కు కలిపే బెల్ హౌసింగు ఒకటి, నాలుగు చక్రాలకూ బలం పంచే ట్రాన్స్‌ఫర్ కేసుకో అడాప్టరు, కొత్త కొలతలతో రెండు ప్రొపెల్లర్ షాఫ్టులు.

తమరి వణుకు సంగతి. వణుకును అణిచే బ్యాలెన్స్ షాఫ్టు లేదు. ఇనుప బ్రాకెట్లతో నేరుగా బిగిస్తే ఛాసిస్ వెల్డింగులు పగులుతాయి. మరీ మెత్తని రబ్బరు పెడితే ఆపే ముందు ఊగి ఊగి ఫ్యాను కవరును కొడతారు. మౌంట్లు వెల్డ్ చేయకముందే ముందు యాక్సిల్‌ను బంప్ స్టాప్ (పైకి లేవకుండా ఆపే రబ్బరు దిమ్మ) తగిలేదాకా జాకీతో ఎత్తి, ఇంజిన్ అడుగున ఉండే ఆయిల్ సంపు కింద జాగా చూడాలి. చూడనివాళ్ల ఆయిలు మొదటి గోతిలో రోడ్డు పాలు.

గాలిని అడ్డగించే థ్రాటిల్ ప్లేటు లేని పుట్టుక కాబట్టి బ్రేకు బూస్టరుకు వాక్యూమ్ ఇవ్వరు. విడిగా పంపు పెట్టకపోతే పెడల్ బిర్రబిగుస్తుంది. పెట్రోలు ట్యాంకు కడగకుండా డీజిల్ పోస్తే, మిగిలిన పెట్రోలు కలిసి ఇంజెక్షన్ పంపుకు కందెన చాలదు, అరుగుతుంది.

ఇక పైకి చెప్పని జబ్బు. టైమింగ్ గేర్ల హౌసింగును సరైన చోట నిలిపే డోవెల్ పిన్ను ఉంది చూశారూ, వణుక్కి మెల్లగా బయటికి జారి గేర్ల మధ్య పడుతుంది, హౌసింగు పగులుతుంది. పక్క బోల్టు కింద చిన్న ఇనుప రేకు బిగించి ఆ రంధ్రానికి అడ్డం పెడితే తీరిపోయే పని. తమరు బండిలో దిగకముందే, పుల్లీ, ముందు కవరు ఊడదీసి, చేయించుకోవాలి. కవరు తిరిగి వేసేటప్పుడు క్రాంకు షాఫ్టు చుట్టూ ఆయిలు కారకుండా ఆపే సీలు పొడిగానే ఉండాలి. అలవాటు కొద్దీ ఆయిలు రాశారో, అక్కణ్నుంచే కారుతుంది.

హైదరాబాదులో సంబంధం వెతుక్కోవద్దని మనవి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఆర్సీలో లేని అల్లుణ్ని ఒప్పుకోదు.

తా.క. ఇగ్నిషన్ కాయిల్ లేని ఇంటి నుంచి వచ్చారు గనుక కాయిల్ నుంచే ఇంజిన్ చుట్లు లెక్కబెట్టే టాకోమీటర్ ముల్లు సున్నా మీదే కూర్చుంది. ఆల్టర్నేటరు డబ్ల్యూ టెర్మినల్ నుంచి వైరు లాగి, దానికి తగ్గ మీటరు పెట్టించాలట. ఆ ఖర్చు కూడా మామగారి ఖాతాలోనే రాశాం.