సొమ్ము ప్రజలది, ఫుటేజీ కాంట్రాక్టరుది

విజయనగరం పైడితల్లి జాతరలో సిరిమాను (పూజారి కూర్చునే పొడవైన చెట్టు మాను) గుడికీ కోటకీ మధ్య మూడుసార్లే తిరుగుతుంది. షాట్ సరిగా రాలేదు, మళ్లీ తిప్పండని ఏ కెమెరామేనూ అడగలేడు. శ్రీకాకుళం దగ్గర అరసవల్లి సూర్యదేవాలయంలో మార్చి, అక్టోబరు నెలల్లో మూలవిరాట్టును తాకే సూర్యకిరణాలు నిలిచేది కొద్ది నిమిషాలే. మబ్బు పడితే అదీ లేదు. ఇలాంటివాటిని ప్రజల సొమ్ముతో తీయించి, రా ఫుటేజీని (ఎడిట్ చేయని అసలు వీడియోను) మాత్రం కాంట్రాక్టరు దగ్గరే వదిలేయడం ప్రభుత్వ కార్యాలయాలకు అలవాటైపోయింది. ఇది ప్రజల ఆస్తిని పారేసుకోవడమే.

జరిగే తీరు తెలిసిందే. ఉత్సవానికి ముందు చివరి వారంలో హడావుడిగా మూడు కొటేషన్లు, తక్కువ వేసినవారికి వర్క్ ఆర్డర్. అందులో ‘డ్రోన్‌తో సహా మూడు నిమిషాల వీడియో’ అని ఒక్క లైను. పెన్‌డ్రైవ్ చేతికి రాగానే బిల్లు పాస్. మరి మిగతాది? సెకనుకు 100 మెగాబిట్ల లెక్కన 4కె తీస్తే గంటకు 45 జీబీ. రెండు కెమెరాలు ఆరేసి గంటలు నడిస్తే 540 జీబీ. పెళ్లి ముహూర్తాలు మీదున్న స్టూడియో అంత డేటాను ఎన్నాళ్లు దాస్తుంది? మెమరీ కార్డులు ఫార్మాట్ అవుతాయి, అంటే ఫుటేజీ చెరిగిపోతుంది. ఏడాది తర్వాత పాత షాట్ కావాలంటే మళ్లీ కొటేషన్, మళ్లీ బిల్లు.

ప్రభుత్వమే సొంత వీడియో యూనిట్ పెడితే ఏడాది పొడవునా జీతాలివ్వాలి, కెమెరాలు త్వరగా పాతబడతాయి అంటారు. నిజమే. బీరువాలో తాళం వేసి ఉంచితే మన తీరపు తేమకు లెన్సులకు బూజు పడుతుంది, బ్యాటరీలు ఉబ్బుతాయి. కానీ 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లా ఉద్దానాన్ని కూల్చినప్పటి పరిస్థితి గుర్తు చేసుకోండి. కూలిన కొబ్బరి, జీడి చెట్లను నరికి దారి చేసేలోపే నష్టాన్ని చిత్రించాలి. ఆ పూట కొటేషన్లు పిలుస్తూ కూర్చుంటారా? జిల్లాకు రెండు కెమెరాలు, ఒక ఎడిటింగ్ సిస్టమ్, పని తెలిసిన ఇద్దరు మనుషులు ఉండి తీరాలి. డ్రోన్లు, పెద్ద ఉత్సవాల లైవ్ బయటివారికి ఇస్తే ఇవ్వండి.

ఎవరు తీసినా ఫుటేజీ మాత్రం ప్రభుత్వం దగ్గరికే రావాలి. వేరే ఒప్పందం లేనంతవరకు, డబ్బిచ్చి తీయించుకున్న చిత్రానికి తొలి హక్కుదారు తీయించుకున్నవారేనని 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ చెబుతోంది. హక్కు ఉండీ డిస్క్ అడగకపోతే ఆ సెక్షన్ ఎందుకు? వర్క్ ఆర్డర్‌లోనే రాయండి: 48 గంటల్లో ఒరిజినల్ ఫైళ్లన్నీ హార్డ్ డిస్క్‌లో ఇవ్వాలి. వాట్సాప్‌లో పంపినవి, సైజు తగ్గించినవి చెల్లవు. తేదీ, స్థలం పేరుతో ఫోల్డర్లుండాలి. డప్పుల హోరులో ఒక మైకులో శబ్దం పగిలినా రెండోది పనికొచ్చేలా ఆడియో ట్రాకులు విడివిడిగా ఇవ్వాలి. డిస్క్ రాగానే ఏవో పది క్లిప్పులు తెరిచి చివరిదాకా చూడాలి. కాపీ మధ్యలో తెగిన ఫైలు పేరు, సైజు కనిపిస్తాయి గానీ ఆడదు. రెండో కాపీ మరో భవనంలో పెట్టాలి. ఇవన్నీ అయ్యేదాకా బిల్లులో ఐదో వంతు ఆపాలి.

సిమెంటు బస్తాకు స్టాక్ రిజిస్టర్ రాసే కార్యాలయం ఫుటేజీకి ఎందుకు రాయదు? డిస్క్ చూడకుండా బిల్లు మీద సంతకం పెట్టే అధికారి జీతం నుంచే ఆ సొమ్ము రాబట్టాలి. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల కలెక్టర్లూ ఈ షరతును వచ్చే ఉత్సవం దాకా వాయిదా వేయకుండా, రేపు ఇచ్చే వర్క్ ఆర్డర్‌లోనే పెట్టించాలి.